బండి ఆగినా ఆరని దీపాలు

మా ముత్తాత వెంకటపతిరాజు గారు వైనతేయ గోదావరికి ఇవతల ఒడ్డున నాలుగు లంకలకు మునసబు. ఆయన రేవులో దిగుతున్నారంటే పడవవాళ్ళు తలగుడ్డ తీసి భుజాన వేసుకుని నిలబడేవారట. ఆయన కొడుకు, మా తాతగారు సూర్యనారాయణరాజు గారి కాలానికి మునసబీ ఒక్క ఊరికి తగ్గింది గాని మాట తగ్గలేదు. చుట్టుపక్కల కొబ్బరితోటల్లో దింపు మొదలుపెట్టాలంటే, ముందు మా తోటలో కత్తి పడిందా లేదా అని కనుక్కుని గాని చెట్టెక్కేవారు కాదు. తాలూకాకు కొత్త అధికారి ఎవరు వచ్చినా మొదటి భోజనం మా ఇంట్లోనే. మా నాన్నగారు రామభద్రరాజు గారు ఆ వరసలో ఆఖరి మగవారు. ఆయన తరవాత నేను. నాకు అన్నదమ్ములు లేరు. పెళ్ళి చేసుకోలేదు. హైస్కూల్లో సైన్సు చెప్పి రిటైరై, అమలాపురంలో రెండు గదుల అద్దె వాటాలో ఉంటున్నాను.

పోయిన వేసవిలో ప్రభాకర్ గారని ఒక పాలిటెక్నిక్ లెక్చరరు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. వాళ్ళ తాత మా తోటలో దింపు తీసేవాడు. ఆ సంగతి ఆయనే చెప్పి, నేను చూపించిన కుర్చీలో కూర్చున్నారు. ఆయనకు బొమ్మ రైళ్ళంటే ప్రాణం. మా మేడమీద ఒకప్పుడు కరెంటుతో నడిచే రైలు ఉండేదని, దానికి మా నాన్నగారే దీపాలూ చప్పుడూ అమర్చారని వాళ్ళ ఇంట్లో కథలా చెప్పుకుంటారట. మంచం కింద నుంచి ట్రంకు పెట్టె లాగి చూపించాను. చాలాసేపు ముట్టుకోకుండా చూశారు. "ఇంజను నాలుగు రోజులు ఇస్తే బాగుచేసి తెస్తానండి. ఇప్పుడు చప్పుడంతా గోరంత చిప్పులో పెట్టేస్తున్నారండి. ఇంజను కడుపులోంచే వస్తాదండి. వింటే మీరు నమ్మరు," అన్నారు.

ఇచ్చాను. ఇచ్చిన దగ్గర్నుంచి నాకు గాభరా మొదలైంది. ఇంజను పోతుందని కాదు. ఆయన దాన్ని తెచ్చి, నా ఎదురుగా నడిపి, "ఎలా ఉందండీ?" అని అడుగుతారు. నాకు కొన్నేళ్ళుగా సరిగా వినబడటం లేదు. ఎదుటివాళ్ళ పెదవులు చూసి నెట్టుకొస్తున్నాను. ఈ సంగతి డాక్టరుకు తప్ప ఎవరికీ తెలియదు. తెలియనివ్వకూడదని మా ఇంట్లో ఎవరూ నాకు నోటితో నేర్పలేదు. నేర్పవలసిన అవసరం రాలేదు.

మా తాతగారికి ఒక అన్నగారు ఉండేవారు. చిన్నతనంలో అమ్మవారు పోసి ఒక కన్ను పోయింది. తెలివైనవారు, మంచివారు. అయినా మునసబీ ఆయనకు రాలేదు, తమ్ముడికి వచ్చింది. "లోపం ఉన్నవాడు నలుగురి ముందు కూర్చుంటే ఇల్లు చులకనైపోతుంది" అన్నది మా ముత్తాత గారి తీర్పు. పెదతాతగారు తన భాగం కూడా అడక్కుండా తోట చివర పాకలో బతికి వెళ్ళిపోయారు. ఆ పాక వైపు చూసినప్పుడల్లా మా అమ్మ పమిట సర్దుకునేది. మా నాన్నగారికి ముప్పై దాటకుండానే చెవులు మందగించడం మొదలుపెట్టాయి.

తెలిసింది అమ్మకూ నాకూ. తాతగారికి తెలియదని మేము అనుకునేవాళ్ళం. రోజూ రెండు పూటలా భోజనాల వేళ మా ఇద్దరికీ గుండెల్లో రాయి. పీటలు వరసగా వేసేవారు. మొదట తాతగారు, పక్కన నాన్నగారు, ఆ పక్కన నేను. తాతగారు ఆకులోంచి తల ఎత్తకుండా మాట్లాడతారు. "పడమటి చెరువు గట్టు ఏమైంది?" అంటారు. నాన్నగారు వినిపించుకోక అన్నం కలుపుతూ ఉంటే నేను ఎడమచేత్తో ఆయన మోకాలు తట్టేదాన్ని. ఆయన చప్పున నావైపు చూస్తే నేను పెదవులు మాత్రం కదిపి "గట్టు" అనేదాన్ని. ఒక్కోసారి నా నోట్లో ముద్ద ఉండేది. అప్పుడు వంటింటి గుమ్మం లోపల్నుంచి అమ్మ గరిట జారవిడిచేది. గరిట చప్పుడు నాన్నగారికి వినబడుతుందని కాదు. తాతగారు విసుక్కుని అటు తిరుగుతారని, ఆ కాస్త సందులో నేను ముద్ద మింగుతానని. "ఈ ఇంట్లో గరిటెలకు కాళ్ళొచ్చేయి," అనేవారు తాతగారు. అన్నం తిన్నట్టే ఉండేది కాదు. ఇప్పటికీ నేను త్వరత్వరగా తింటాను.

రైలు మా ఇంటికి వచ్చింది తాతగారి కోరిక వల్లే. కోనసీమకు రైలు లేదు. బండి ఎక్కాలంటే సఖినేటిపల్లి రేవులో పంటు ఎక్కి గోదావరి దాటి నరసాపురం పోవాలి. తన జీవితకాలంలో మా తోట మీదుగా రైలు వస్తుందని తాతగారి నమ్మకం. ఎప్పుడో రైలు సర్వే వాళ్ళు వచ్చి తోటలో మేకులు పాతి వెళ్ళారట. అప్పట్నుంచి ఆ మేకుల మధ్య స్థలంలో కొబ్బరి మొక్క నాటనివ్వలేదు. చుట్టూ చెట్లు, మధ్యలో వరసగా ఖాళీ. ఊళ్ళో దాన్ని రైలుబాట అనేవారు. దాని మీద గేదెలు నడిచేవి. మద్రాసులో ఒక దొర దేశం వదిలి వెళ్ళిపోతూ సామాన్లు అమ్ముకుంటుంటే తాతగారు ఆ బొమ్మ రైలు కొని తెచ్చారు, వచ్చే రైలు ఎలా ఉంటుందో ఊరికి చూపించాలని. మేడమీద హాలులో ఎండుకొబ్బరి బస్తాలు ఒక పక్కకు జరిపి బల్ల వేయించారు.

అది చప్పుడు లేని రైలు. మోటారు ఈగలా గీమనేది, అంతే. ఇంజను ముందున్న దీపం కూడా పట్టాల కరెంటుతోనే వెలిగేది కాబట్టి బండి జోరుగా పోతే వెలుగు, మెల్లగా పోతే మసక, ఆగితే చీకటి. మొదటిసారి చూసినప్పుడే తాతగారు అన్నారు: "స్టేషన్లో ఆగగానే దీపాలారిపోతే ఎక్కేవాళ్ళు ఎలా ఎక్కుతార్రా అబ్బాయ్?" ఆ ఒక్క మాట నాన్నగారు పట్టుకున్నారు. పొలం వ్యవహారాల్లో ఆయన చెయ్యి పెట్టినవేవీ అచ్చిరాలేదు. ఇది తన చేతిలో ఉన్న పని అనిపించి ఉంటుంది.

దీపాలతో మొదలుపెట్టారు. రేడియో రిపేరు పుస్తకాలు తెప్పించారు. మొదట రైలు పెట్టెల్లో కండెన్సర్లు పెట్టి చూశారు. అవి కరెంటును కాస్త దాచుకుని, బండి ఆగాక ఒక ఊపిరి తీసి వదిలేంతసేపు వెలిగి, ఎర్రబడి ఆరిపోయేవి. తరవాత చివరి పెట్టె లోపల టార్చిలైటు బ్యాటరీలు దాచి, అక్కడి నుంచి ప్రతి పెట్టెకూ జడకుచ్చులో దారంలాంటి సన్నటి తీగ లాగి, బియ్యపుగింజంత బల్బులు పెట్టారు. కిటికీలకు లోపల పసుపు రంగు జిలెటిన్ కాగితం అంటించారు. మేడమీద ఎండుకొబ్బరి వాసనలో గుగ్గిలం పొగ కలిసిపోయి ఉండేది. తీగలు అతికేటప్పుడు గుగ్గిలం పెడతారు. అమ్మ మెట్ల కింద నుంచి, "పైన ఎవరికండీ ధూపం వేస్తున్నారు?" అనేది. ఆ మాటా ఆయనకు వినబడేది కాదు. నేను నవ్వితే, నేనెందుకు నవ్వానో అడిగి తెలుసుకుని, ఆలస్యంగా నవ్వేవారు.

చప్పుడు ఆయన ఎందుకు తలకెత్తుకున్నారో నాకు చాలా ఏళ్ళు అర్థం కాలేదు. వినబడని మనిషి దీపాలతో ఆగిపోవచ్చు. మొదట్లో మా రైలు చప్పుడు మా అమ్మ చేసేది. మా వాళ్ళలో ఘోషా ఉండేది. పరాయివాళ్ళున్న హాలులోకి ఆడవాళ్ళు రారు. పదేళ్ళ పిల్లను కాబట్టి నాకు ఆ అడ్డు లేదు. అమ్మ తలుపు పరదా వెనక కూర్చుని చాటలో నూకలు ఎగరేస్తే, దూరం నుంచి అచ్చం ఆవిరి ఇంజను రొప్పినట్టే ఉండేది. ఊళ్ళో పెద్దలు చూడటానికి వచ్చినప్పుడు ఒకాయన, "బండి బాగానే ఉంది గానండీ, నూకల వాసనొస్తోందండి," అన్నారు. అందరూ నవ్వారు. తాతగారు నవ్వలేదు. ఆ మర్నాడే స్పూలు టేపు రికార్డరు కొనమని డబ్బిచ్చారు.

నాన్నగారు నన్ను వెంటబెట్టుకుని పంటు దాటి నరసాపురం స్టేషనుకు తీసుకువెళ్ళారు. ప్లాట్‌ఫారం చివర మైకు పట్టుకుని నిలబడ్డాం. ఇంజను కదిలింది. ఆయన నావైపు చూశారు, నేను తల ఊపాను, మీట నొక్కారు. కూత వచ్చిందా అని కళ్ళతో అడిగారు, వచ్చిందన్నాను. తిరిగి వచ్చేటప్పుడు పంటు మీద ఆ పెట్టెను ఒళ్ళో పసిపిల్లను పెట్టుకున్నట్టు పెట్టుకున్నారు. "ఎలా ఉందే అమ్మాజీ? దగ్గరకొచ్చినప్పుడు పెద్దదయిందా?" అన్నారు. "అయింది నాన్నగారూ." "దూరం పోయినప్పుడు?" "సన్నబడిపోయింది." ఆయన నీళ్ళ వైపు చూస్తూ, "అవును, సన్నబడుతుంది," అన్నారు. ఆ మాట రైలు గురించే అన్నారని అప్పుడు అనుకున్నాను.

తరవాతి చిక్కు, బండితో పాటు చప్పుడు మొదలు కావాలి, బండితో పాటు ఆగాలి. దానికి పట్టాల కరెంటుతో పనిచేసే రిలే ఒకటి పెట్టారు. పట్టాల్లోకి కరెంటు రాగానే లోపలి రేకు అతుక్కుని స్పీకరుకు చప్పుడు వెళుతుంది. కరెంటు తీస్తే రేకు విడిపోయి చప్పుడు ఆగిపోతుంది. స్పీకరు పెట్టె బల్ల కింద. నాన్నగారు దాని మీద అరచెయ్యి ఆనించి పనిచేసేవారు. చెక్క వణికితే చప్పుడు ఉన్నట్టు, వణక్కపోతే లేనట్టు. అలా చెయ్యి పెట్టుకుని ఆయన బండిని ఆపితే నేను కళ్ళు మూసుకుని విన్నా వెంట్రుకవాసి తేడా ఉండేది కాదు. మా ఊరి గాలిలో ఉప్పు ఉంటుంది. ఆ రేకుకు చిలుము పడుతూ ఉండేది. ఆయన గరుకు కాగితంతో రుద్దుతూ ఉండేవారు.

అలా ఉండగా కొత్తగా సర్వే చేయడానికి ఒక ఇంజనీరు గారు రాజోలు వస్తున్నారని తెలిసింది. తాతగారు భోజనానికి పిలిచారు. దీపాలు పెట్టే వేళకు రైలు చూపించాలని నిర్ణయమైంది. ఈ రైలు చూస్తే ఆ రైలు మన తోట మీదుగా వస్తుందని ఆయన గట్టిగా నమ్మారు. ఇంకో మాట కూడా అన్నారు: "ఈ పని సవ్యంగా జరిగితే పెత్తనం నీ చేతిలో పెడతాను అబ్బాయ్. లేకపోతే మీ బాబాయి ఉన్నాడు." బాబాయి అంటే తాతగారి పినతండ్రి కొడుకు. ఆ మాట నేనే నాన్నగారికి పెదవులతో అందించాను. మా అమ్మ ఆ వారమంతా నోరారా మాట్లాడలేదు. "ఇంజనీరు గారు ఏదో అడుగుతారే, మీ నాన్నగారు ఇంకేదో చెబుతారు, నువ్వు పక్కనే ఉండు," అని మాత్రం పదిసార్లు చెప్పింది.

ఆ సాయంత్రం తాతగారు అన్నీ దగ్గరుండి చూసుకున్నారు. ఇస్త్రీ పంచె, సిల్కు లాల్చీ నాన్నగారికి ఆయనే తీయించారు. తన పడక కుర్చీ గోడవారగా, ఇనప మెయిన్ స్విచ్చి కింద వేయించుకున్నారు. బల్ల దగ్గర నాన్నగారు స్పీకరు మీద చెయ్యి పెట్టి నిలబడి ఉండటం చూసి, "ఆ చెయ్యేంటి, రోగికి నాడి చూస్తున్నట్టు? నిటారుగా నిలబడు. చేతులు కట్టుకో. పెద్దమనిషి వస్తున్నాడు," అన్నారు. ఆ చెయ్యి తీస్తే ఆయనకు చెవులు తీసేసినట్టే. నన్నేమో మర్యాదగా ఇంజనీరు గారి పక్క కుర్చీలో, బల్లకు అవతల కూర్చోబెట్టారు. మోకాలు అందదు.

ఇంజనీరు గారు సన్నటి మనిషి, కళ్ళజోడు. నాన్నగారు మీట తిప్పారు. బల్ల కింద నరసాపురం బండి రొప్పు అందుకుంది. ఇంజను కదిలింది, సొరంగంలోకి పోయి కూత పెట్టుకుంటూ బయటికి వచ్చింది. ఇంజనీరు గారు కుర్చీ అంచుకు జరిగారు. "ఇదెలా చేశారండీ?" అన్నారు. నాన్నగారు రైలునే చూస్తున్నారు. తాతగారు బదులిచ్చారు: "మావాడే చేశాడండి. ఆయ్. ఎవరి సాయం లేదండి." బండి మెల్లగా స్టేషనులోకి వచ్చింది. నాన్నగారు మీట వెనక్కి తిప్పారు. బండి ఆగింది.

చప్పుడు ఆగలేదు. రేకు అతుక్కుపోయింది. నిలబడిన బండి నిలబడే ఉంది, బల్ల కింద ఇంజను మాత్రం రొప్పుకుంటూ పోతోంది. నాన్నగారు చేతులు కట్టుకుని, నిటారుగా, తనకు పూర్తి నిశ్శబ్దంగా ఉన్న హాలులో, అనుకున్న ప్రకారం మెత్తటి గొంతుతో చెప్పడం మొదలుపెట్టారు: "ఇప్పుడు చూడండి, బండి ఆగిందండి. చప్పుడూ ఆగిపోయింది. దీపాలు మాత్రం..." ఆ మాటలు ఇంజను హోరులో సగం కొట్టుకుపోయాయి. ఇంజనీరు గారు మొదట నవ్వబోయారు. తరవాత నాన్నగారి ముఖంలోకి చూసి నవ్వు ఆపుకున్నారు. పరదా వెనక అమ్మ గాజులు ఒక్కసారి గలగలమన్నాయి. నేను లేచి అటు వెళితే అందరికీ తెలిసిపోతుంది. వెళ్ళకపోతే ఇంకొంచెంసేపట్లో ఎలాగూ తెలిసిపోతుంది. కుర్చీ చేతులు పట్టుకుని ఉండిపోయాను.

అప్పుడు నేను తాతగారి వైపు చూశాను. ఆయన నాన్నగారినే చూస్తున్నారు. ముఖంలో కోపం లేదు, ఆశ్చర్యం కూడా లేదు. లేవకుండానే కుడిచెయ్యి తల వెనక్కి ఎత్తి, మెయిన్ స్విచ్చి పిడి పట్టుకుని కిందికి లాగారు.

హాలంతా చీకటి పడింది. చప్పుడు గొంతు నొక్కినట్టు ఆగింది. "కరెంటు పోయిందండి. మా ఊళ్ళో ఇంతేనండి," అన్నారు తాతగారు, చేతులు ఒళ్ళో పెట్టుకుని. ఆ చీకట్లో బల్ల మీద బండి మాత్రం వెలుగుతూ నిలబడి ఉంది. పెట్టె పెట్టెకూ పసుపుపచ్చ కిటికీలు, వాటి వెలుగులు స్టేషను అరుగు మీద పొడుగ్గా పడి ఉన్నాయి. అంత బాగుంటుందని మాకే తెలియదు. హాలు దీపాలు ఆర్పి ఎప్పుడూ చూడలేదు. ఇంజనీరు గారు లేచి, వంగి, ఒక్కో కిటికీలోకీ చూశారు. "ఆగిన బండికి దీపాలు," అన్నారు నెమ్మదిగా. "ఇది నేను ఎక్కడా చూడలేదండి." మెయిన్ లాగిన చప్పుడు ఆయన విన్నారో లేదో నాకు తెలియదు. విన్నా అనని మనిషిలాగే ఉన్నారు. తాతగారు ఆయన్ను చెయ్యి పట్టుకుని, లాంతరు వెలుగులో ఫలహారానికి కిందికి తీసుకుపోయారు. మళ్ళీ రైలు నడపమని అడగనివ్వలేదు.

మర్నాడు రిలే విప్పిన నాన్నగారికి చిలుము కనబడింది. నన్ను పక్కకు పిలిచి, ముఖమంతా వెలుగుతుంటే, "చూశావా అమ్మాజీ, దేవుడు కాపాడాడు. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది గాని, లేకపోతే చప్పుడు ఆగేదే కాదు. ఆ కరెంటు వాళ్ళకి కొబ్బరికాయలు పంపించాలి," అన్నారు. నిజంగానే పంపించారు. ఆ రోజు నుంచి భోజనాల్లో తాతగారు తన పీట నాన్నగారి పీటకు ఎదురుగా వేయించుకున్నారు. తల ఎత్తి, నాన్నగారు తనవైపు చూసేదాకా ఆగి, అప్పుడు అడిగేవారు. గరిటెలు జారడం మానేశాయి. పెత్తనం నాన్నగారికే వచ్చింది. మెయిన్ లాగిన సంగతి గురించి తాతగారు పోయేదాకా ఒక్క మాట అనలేదు, నాన్నగారు తన రహస్యం కడదాకా దాచగలిగానని సంతోషంగా బతికారు. ఇంజనీరు గారి సర్వే వేరే దారి పట్టింది. ఆ దారిలోనూ రైలు రాలేదు. ఇన్నాళ్ళకు గోదావరిలో రైలు వంతెన స్తంభాలు లేచాయి, మా తోటకు చాలా దూరంగా.

ప్రభాకర్ గారు చెప్పిన రోజుకే ఇంజను తెచ్చారు. నా భోజనబల్ల మీద గుండ్రంగా పట్టాలు పరిచారు. ఫోనులో ఏదో నొక్కారు. ఇంజను ముందు దీపం తెల్లగా వెలిగింది, కదలకుండానే వెలిగింది. నాన్నగారు ఏళ్ళ తరబడి చేసిన పని అది. ఇప్పుడు పట్టాల్లో కరెంటు ఎప్పుడూ ఉంటుందట, ఆగమనీ కదలమనీ చెప్పేది వేరే సంకేతమట. చక్రం తిరిగే లెక్కకు సరిపడా రొప్పు వస్తుందట, ఎత్తు ఎక్కేటప్పుడు ఆ రొప్పు బరువెక్కుతుందట. ఆయన పెదవులు చూసి ఇంతవరకు పట్టుకున్నాను. తరవాత ఆయన వంగి ఇంజనునే చూస్తూ మాట్లాడారు. పెదవులు కనబడలేదు. ఇంజను తిరుగుతోంది. నాకు గదిలో ఫ్యాను చప్పుడు కూడా తెలియడం లేదు. ఆయన తల ఎత్తి నావైపు చూశారు. అడిగేశారని అర్థమైంది. చాలా బాగుందండీ అంటే సరిపోతుంది. అరవై ఏళ్ళ అలవాటు, నోట్లోనే ఉంది.

"నాకు వినబడదండి," అన్నాను.

మా ఇంట్లో ఆ మాట పైకి అన్న మొదటిదాన్ని నేనే. ఆయన మాత్రం ఏమీ కానట్టు, "అయ్యో, ముందే చెప్పొచ్చు కదండీ. మా అమ్మగారికీ అంతేనండి. చెవికి మిషను పెట్టించేం," అని, నా ఎదురుగా వచ్చి కూర్చుని, "చెయ్యి ఇలా పెట్టండి," అని బల్ల చూపించారు. పెట్టాను. ఇంజను దగ్గరకు వచ్చినప్పుడు చెక్క వణికింది, దూరం పోయినప్పుడు సన్నబడింది. ఆయన ఆపారు. వణుకు కూడా అప్పుడే ఆగింది. దీపం వెలుగుతూనే ఉంది. మేము అంత భయంగా మోసిన మాటను ఆయన కాఫీ గ్లాసు అందుకున్నంత తేలిగ్గా అందుకున్నారు. మోసిందంతా వృథా అని నాకు అనిపించలేదు. తాతగారు ఆ రోజు పిడి లాగి ఉండకపోతే మా నాన్నగారు తోట చివర పాకలోకి వెళ్ళి ఉండేవారు. అప్పటి మనుషులకు చీకటి చేయడం ఒక్కటే తెలిసిన దారి.

లంకలు తాతగారి కాలంలోనే పోయాయి. రైలుబాటతో సహా తోట రొయ్యల చెరువులకు పోయింది. ఇల్లు అమ్మినప్పుడు మెయిన్ స్విచ్చి గోడకే ఉండిపోయింది. ఇంజనూ, పట్టాలూ, బ్యాటరీలు దాచిన ఆ చివరి పెట్టెతో సహా పెట్టెలన్నీ ఆ సాయంత్రమే ప్రభాకర్ గారికి అమ్మేశాను.